పాత ట్రాక్టరు, నిండు ట్రాలీ

పత్తి సీజను మొదలైందంటే ఆదోని మార్కెట్ యార్డు దారుల్లో ట్రాక్టర్ ట్రాలీలు బారులు తీరతాయి. ఆలూరు, ఆస్పరి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి తెల్లారకముందే బయల్దేరినవి. అంచులు దాటి పైకి పేర్చిన పత్తి, దాని మీద బిగించిన మోకులు. ఆ బారు పక్కనే నడుస్తూ నంబరు ప్లేట్లు చదువుకుంటూ పోతే కాలక్షేపానికి కాలక్షేపం, సమాచారానికి సమాచారం. ఏపీ 21 అంటే 2019కి ముందు కర్నూలు జిల్లాలో రిజిస్టరైన బండి, అంటే వయసు కాస్త మీద పడ్డదే. ఏపీ 02 అంటే అనంతపురం నుంచి ఇటు వచ్చింది. కేఏ 36 అంటే రాయచూరుది. అది సరిహద్దు దాటి సరుకు తెచ్చిందో, సరిహద్దు దాటి అమ్ముడుపోయి ఇంకా నంబరు మార్చుకోలేదో చూడగానే చెప్పలేం.

పడమటి మండలాల్లో ట్రాక్టరు దున్నడానికి ఎంత కావాలో మోయడానికి అంత కావాలి. వాన కాస్త పడితే సేద్యం, పడకపోతే బాడుగ. పత్తి, వేరుశనగ, ఎరువు, ఇటుక, కంకర, కందికట్టె, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి ఇంటిల్లిపాది, అన్నీ ఆ ట్రాలీలోనే. అందుకే ఇక్కడ పాత ట్రాక్టరు కొనేవాడు మనసులో కొంటున్నది ట్రాలీని లాగే బండినే. 45 హెచ్‌పి కొత్త బండి ఏడెనిమిది లక్షల మాట కాబట్టి చాలామంది చూపు పాతవాటి మీదే పడుతుంది. ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కొత్తదాని ధర దిగితే పాతదాని ధర కూడా దిగాలి. బేరంలో అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు, మనమే ఎత్తాలి.

బేరంలో మొదట వచ్చే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఎంత గుంజుతాదన్నా?" జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: "ఎంతైనా గుంజుతాది." ఆ జవాబు అబద్ధమేమీ కాదు. చిక్కంతా ప్రశ్నతోనే. గుంజడం ట్రాక్టరుకు తేలికైన పని. గుంజిన దాన్ని ఆపడం, తిప్పడం, నేల మీద నిలబెట్టడం, వీటిలో బండి నాణ్యత బయటపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ట్రాక్టరు బరువు 2 టన్నులు అనుకుందాం. సరుకుతో కలిపి ట్రాలీ 5 టన్నులు. మొత్తం 7 టన్నులు. చదునైన తారు రోడ్డు మీద గాలి సరిగా ఉన్న టైర్లు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం బరువులో సుమారు 2 శాతం. అంటే 7,000 కిలోలను కదుపుతూ ఉంచడానికి 140 కిలోల లాగుడు చాలు. ఒక హెచ్‌పి అంటే 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున పైకెత్తే శక్తి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 140 కిలోల లాగుడుకు కావలసింది చక్రాల దగ్గర 10 హెచ్‌పి పైచిలుకు, అంతే. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా చదును దారిలో నిండు ట్రాలీ లాగడానికి 35 హెచ్‌పి పాత మాస్సీ కూడా చెమటోడ్చదు.

ఎత్తు ఎక్కేటప్పుడు లెక్క మారుతుంది. వంద మీటర్లకు 5 మీటర్లు లేచే వంతెన ఎత్తు వస్తే భూమ్యాకర్షణ వెనక్కి లాగే బలం మొత్తం బరువులో 5 శాతం, అంటే 350 కిలోలు. మునుపటి 140 కలిపితే 490. అదే 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర 36 హెచ్‌పి ఉండాలి. ఇంజిన్ మీద రాసిన హెచ్‌పి అంతా చక్రానికి చేరదు, గేర్లలో, టైర్లలో కొంత పోతుంది. 35 హెచ్‌పి బండికి ఇది కుదరదు. కానీ డ్రైవరు గేరు దించి వేగాన్ని 10కి తగ్గించాడనుకోండి, 18 హెచ్‌పితో పని జరిగిపోతుంది. పెద్ద ఇంజిన్ ఇచ్చేది వేగం. లాగుడు బలం ఏ ఇంజిన్‌కైనా గేరుపెట్టె సమకూరుస్తుంది.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో బండలాగుడు చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. జోడెద్దులు రోజంతా నిలకడగా ఇవ్వగల శక్తి ఒక హెచ్‌పి అటూ ఇటూ. అయినా అంత బండను ఈడుస్తాయి. ఎద్దుల యజమాని చూసుకునేది ఏమిటి? ఎద్దు ఒంటి బరువు, గిట్టకు నేల దొరకడం, కాడి ఏ ఎత్తులో కూర్చుంది. గిట్ట జారితే ఎద్దుకు ఎంత బలముండీ బండ కదలదు. ట్రాక్టరు దగ్గరా చూడాల్సినవి అవే మూడు: వెనక చక్రాల మీద బరువు, టైరుకు పట్టు, కొక్కెం ఎత్తు.

పట్టు సంగతి నల్లరేగడిలో దిగితేనే తెలుస్తుంది. వెనక చక్రం ఎంత బలంగా నేలను వెనక్కి నెట్టగలదో చెప్పడానికి ఇంజనీర్లు ఒక గుణకం వాడతారు. చక్రం మీది బరువును దానితో గుణిస్తే దొరికే లాగుడుకు అదే హద్దు. గట్టి రోడ్డు మీద అది 0.8 దాకా ఉంటుంది. ఎండిన మట్టి రస్తాలో 0.5 నుంచి 0.6. తడిసిన బంకమట్టిలో 0.3, ఒక్కోసారి ఇంకా తక్కువ. 2 టన్నుల ట్రాక్టరుకు వెనక ఇరుసు మీద సుమారు 1,300 కిలోలు, ముందు ఇరుసు మీద 700 కిలోలు పడతాయి. రెండు చక్రాల ట్రాలీ ముక్కు కొక్కెం మీద ఒక 500 కిలోలు మోపితే, ఆ కొక్కెం ఇరుసుకు వెనకగా ఉంది కాబట్టి తూకపు కోల లెక్కన వెనక చక్రాల మీద బరువు 1,960 దాకా పెరుగుతుంది. తడి రేగడిలో గుణకం 0.3 అనుకుంటే లాగుడు 590 కిలోల దగ్గర ఆగిపోతుంది. అదే మట్టిలో ట్రాలీ చక్రాలు కూరుకుంటే వాటి నిరోధం బరువులో 15 శాతానికి లేస్తుంది, అంటే 675 కిలోలు. 590తో 675ను లాగలేం. ఇంజిన్ 35 హెచ్‌పిదైనా 55 హెచ్‌పిదైనా తేడా లేదు. పెద్ద ఇంజిన్ చక్రాన్ని ఇంకాస్త జోరుగా తిప్పి గుంతను ఇంకాస్త లోతు చేస్తుంది.

రేగడి ఇంత మొండిగా ఉండడానికి కారణం దాని బంకలోనే ఉంది. ఆ మట్టిలోని ఖనిజం పలుచని పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్లు పొరల మధ్యకు దూరి వాటిని విడదీస్తాయి, మట్టి ఉబ్బుతుంది. ఎండితే ఆ నీళ్లు పోయి పొరలు దగ్గరవుతాయి, ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు వచ్చేది అందుకే. ఉబ్బిన మట్టికి కోతను తట్టుకునే బలం ఉండదు. పైగా జిగురు ఎక్కువ. టైరు గుబ్బల సందుల్లో నిండిపోయి ఊడి రాదు. రెండు చుట్లు తిరిగేసరికి గుబ్బల టైరు కాస్తా నున్నటి బురద చక్రమైపోతుంది. కాబట్టి పాత బండి కొనేటప్పుడు వెనక టైర్ల గుబ్బలు ఎంత అరిగాయో వేలు పెట్టి కొలవాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 3218 అని ఉంటే 2018లో 32వ వారంలో తయారైందని అర్థం. గుబ్బ నిలిచి ఉన్నా రబ్బరు ముసలిదైతే పక్కలు పగులుతాయి. రెండు వెనక టైర్లు కొత్తవి వేయాల్సి వస్తే చౌకబేరం చౌక కాకుండా పోతుంది.

టైరులో నీళ్లు నింపి బరువు పెంచడం మన రైతులకు తెలిసిన ఉపాయమే. పెద్ద వెనక టైరులో ముప్పాతిక వంతు నింపితే ఒక్కోదానికి 150 లీటర్ల పైమాటే పడుతుంది, అంటే వెనక ఇరుసుకు మూడు వందల కిలోలు అదనం. చేలో మంచిదే. రోడ్డు బాడుగకే తిప్పేవాడికి మాత్రం అది రోజంతా మోసే దండగ బరువు.

ఇక కొక్కెం. ఇక్కడ ఐర్లండుకు చెందిన హారీ ఫెర్గుసన్ గుర్తుకు రావాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐర్లండు వ్యవసాయ శాఖ తరఫున ట్రాక్టర్ల పనితీరు చూసే బాధ్యత ఆయన మీద పడింది. అప్పటి ట్రాక్టర్లకు నాగలిని గొలుసుతో వెనక కట్టేవారు. నాగలి రాయికి తగిలి ఆగితే ఇంజిన్ ఆగేది కాదు. చక్రం తిరగలేనప్పుడు ఆ తిప్పుడు బలం ట్రాక్టరు ఒంటినే ఇరుసు చుట్టూ తిప్పేది. ముక్కు లేచి, బండి వెనక్కి పల్టీ కొట్టి డ్రైవరు మీద పడేది. ఫెర్గుసన్ ఆలోచించి మూడు చేతుల కొక్కేన్ని కనిపెట్టి 1926లో పేటెంటు తీసుకున్నాడు. నాగలి లాగుడే చక్రాలను నేలకు అదిమేలా, ముక్కు లేవకుండా చూసేలా దాన్ని అమర్చాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా చేయి కలిపి చేసుకున్న ఒప్పందం, తర్వాత కోర్టుకెక్కిన తగాదా, 1953లో మాస్సీ హారిస్ కంపెనీతో కలిసిపోవడం అదంతా వేరే కథ. మన రోడ్ల మీది మాస్సీ ఫెర్గుసన్ బానెట్ మీద రెండో పేరు ఆయనదే. చెన్నై ట్యాఫే కంపెనీ 1960ల నుంచి ఆ బండ్లను ఇక్కడ తయారు చేస్తోంది. ఇప్పుడు ఏ కంపెనీ ట్రాక్టరు చూసినా వెనక ఆ మూడు చేతులు ఉంటాయి.

ట్రాలీని ఆ మూడు చేతుల్లో పైదానికి ఎప్పుడూ కట్టకూడదు. దానికి కింద విడిగా డ్రాబార్ ఉంటుంది, వెనక ఇరుసు నడుమ గీత కంటే దిగువన. కొక్కెం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉండి, ముందు వెనక ఇరుసుల నడుమ దూరం 1.9 మీటర్లు అయితే, 500 కిలోల లాగుడుకు ముందు చక్రాల నుంచి సుమారు 130 కిలోలు వెనక్కి జారతాయి. కొక్కేన్ని ఇరుసు కంటే పైకి, మీటరు ఎత్తుకు చేర్చారంటే జారే బరువు 260 అవుతుంది. మళ్లీ లెక్కకు వద్దాం. ముందు ఇరుసు మీద మొదట 700 కిలోలు. ట్రాలీ ముక్కు బరువుతో అది 540కి దిగింది. ఎత్తు ఎక్కుతుంటే లాగుడు వల్ల 410కి దిగింది. స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలన్నది పాతకాలం నుంచీ ఉన్న నియమం. మన బండికి అది 400. అంటే కొక్కెం సరైన చోట ఉన్నా అంచు మీదే నడుస్తున్నాం. ఎత్తు ఎక్కుతూ స్టీరింగు తిప్పితే బండి తిన్నగానే పోతోందని డ్రైవర్లు అంటుంటే కారణం ఇదే. ముందు బంపరుకు తగిలించే ఇనప బరువులను చాలామంది తీసి అమ్మేస్తారు. పాత బండి కొనేటప్పుడు అవి ఉన్నాయా అని అడగాలి.

బురదలో కూరుకున్నప్పుడు చక్రానికి మొద్దు కట్టి, క్లచ్ ఒక్కసారిగా వదలడం మన వైపు చూస్తుంటాం. మొద్దు నేలకు తన్నిపెడితే చక్రం తిరగదు. ఫెర్గుసన్ చూసిన రాయి స్థానంలో ఇప్పుడు మొద్దు, అంతే తేడా. ముక్కు లేవడం మొదలయ్యాక బండి తిరగబడేందుకు సెకనున్నర కూడా పట్టదు, కాలు క్లచ్ మీదికి పోయేలోపే అయిపోతుంది. ట్రాలీ విప్పి, బండిని వెనక్కి తీసి, ఇంకో ట్రాక్టరును పిలవడం నామోషీ ఏమీ కాదు.

డ్రాబార్ దగ్గర వంగి ఒక నిమిషం చూస్తే బండి చరిత్ర తెలుస్తుంది. పిన్ను దూరే రంధ్రం తయారైనప్పుడు గుండ్రంగా ఉంటుంది. ఏళ్ల తరబడి ట్రాలీ లాగి, ఆపి, మళ్లీ లాగి ఉంటే ముందు వెనకల అరిగి గుడ్డు ఆకారానికి వస్తుంది. దాని చుట్టూ వెల్డింగు మచ్చ ఉంటే ఒకసారి తెగి అతికించారన్నమాట. గంటల మీటరును వెనక్కి తిప్పవచ్చు, వైరు పీకేయవచ్చు. ఈ రంధ్రాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. పిన్నుకీ రంధ్రానికీ మధ్య వేలెడు సందు ఉందంటే ప్రతి గేరు మార్పుకూ 5 టన్నులు వచ్చి సుత్తిలా కొట్టాయని అర్థం. ఆ దెబ్బ డ్రాబార్‌తో ఆగదు, లోపల గేర్ల దాకా పోతుంది.

బ్రేకుల దగ్గర తొందరపడకూడదు. ఎక్కువ మంది తొందరపడేదీ ఇక్కడే. ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. మన రోడ్ల మీది ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. అంటే 7 టన్నులను ఆపే భారమంతా రెండు టైర్ల మీద పడుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు కొంత ముందుకు జారుతుంది కాబట్టి వెనక ఇరుసు మీద 1,800 కిలోలు మిగిలాయనుకుందాం. పొడి తారు మీద గుణకం 0.6 అయితే ఆపే బలం 1,080 కిలోలు. దాన్ని 7,000 కిలోలకు పంచితే వేగం సెకనుకు సెకనుకు ఒకటిన్నర మీటరు చొప్పున మాత్రమే తగ్గుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టినప్పటి నుంచి ఆగేదాకా 16 మీటర్లు. కాలు పెడల్ మీదికి పోయే సెకనులో ఇంకో 7. మొత్తం 23 మీటర్లు. వేగం 35కి పెంచితే మొత్తం 41 మీటర్లు. పది కిలోమీటర్ల వేగం పెరిగితే దూరం ఇంచుమించు రెట్టింపు. ట్రాలీ విప్పేసి ఒట్టి ట్రాక్టరును అదే 25లో ఆపితే 7 మీటర్లలో నిలుస్తుంది. అమ్మేవాడు చూపించేది ఆ ఒట్టి ట్రాక్టరు బ్రేకునే. దాన్ని చూసి మురిసిపోవడంలో అర్థం లేదు. ఈ లెక్కంతా బ్రేకులు బాగుండి, రోడ్డు పొడిగా ఉండి, చదునుగా ఉంటేనే. 5 శాతం దిగుడు మీద ఆ 16 మీటర్లు 24 అవుతాయి.

ఒంగి పెడళ్లను చూడండి. కుడి వైపు రెండు బ్రేకు పెడళ్లు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. చేలో గట్టు దగ్గర మలుపు తిప్పడానికి ఒక చక్రాన్నే పట్టి ఆపే వీలు అది. రోడ్డెక్కగానే రెంటినీ కలిపేందుకు వాటి మధ్య చిన్న గొళ్లెం ఉంటుంది. వేలెడంత ఇనప ముక్క. పాత బండ్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, లేదా ఊడిపోయి దాని చోట తీగ చుట్టి ఉంటుంది, లేదా ఏదీ ఉండదు. రోడ్డు మీద కాలు ఒక పెడల్ మీదే పడితే ఒక చక్రం ఆగి, రెండోది తిరుగుతుంది. ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, వెనక నుంచి ట్రాలీ తోసుకొస్తుంది. కత్తెర మూసుకున్నట్టు రెండూ మడతపడతాయి. గొళ్లెం ఉన్నా రెండు బ్రేకులు సమంగా పట్టకపోతే ఇదే జరుగుతుంది. ఖాళీ మట్టి నేల మీద నెమ్మదిగా పోతూ రెండు పెడళ్లూ కలిపి గట్టిగా తొక్కితే చక్రాలు ఈడ్చిన గీతలు నేల మీద పడతాయి. రెండు గీతలూ ఒకే చోట మొదలై ఒకే పొడవుండాలి. ఒకటి పొట్టిగా ఉంటే ఆ వైపు బ్రేకు బలహీనం.

ఇటీవలి బండ్లలో ఆయిల్ బ్రేకులు ఎక్కువ. పళ్లేలు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి వేడి తొందరగా చల్లారుతుంది, దుమ్మూ నీరూ చేరవు. పాతవాటిలో పొడి బ్రేకులే. వంక దాటేటప్పుడు నీళ్లు తగిలితే కాసేపు పట్టవు. ట్రాలీ లాగడమే ప్రధానమైన పని అయితే, రెండు బండ్ల ధరలో తేడా మరీ ఎక్కువ కానప్పుడు, 5 హెచ్‌పి తక్కువైనా ఆయిల్ బ్రేకుల బండినే ఎంచుకోవాలన్నది నా మాట. ట్రాలీకి విడిగా బ్రేకు పెట్టించుకోగలిగితే ఇంకా మేలు.

డీజిలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఒకటుంది. గేరులో ఉన్నప్పుడు బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది, ఆ వేగంలో డీజిలు ఖర్చూ ఏమంత ఉండదు. న్యూట్రల్‌కు పోయిన క్షణం ఆ పట్టు పోయి 7 టన్నుల బరువూ బ్రేకు పళ్లేల మీద పడుతుంది. ఏ గేరులో ఆ ఎత్తు ఎక్కుతామో అదే గేరులో దిగాలి, దిగడం మొదలుపెట్టక ముందే ఆ గేరు వేసుకోవాలి.

వంక దాటడంలో ఈ సంగతులన్నీ ఒక్కచోట కలుస్తాయి. 10 శాతం ఎత్తు, మట్టి దారి, నిండు ట్రాలీ. ఎత్తుకు 700 కిలోలు, మట్టి నిరోధానికి 350, మొత్తం 1,050. వెనక చక్రాలకు ఎండు మట్టిలో దొరికే పట్టు ఇంచుమించు అంతే. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో దీనికి కావలసిన శక్తి 20 హెచ్‌పి లోపే. ఇంజిన్ దగ్గర ఇంకా బలం ఉండగానే టైరు చేతులెత్తేస్తుంది. కాబట్టి 35 హెచ్‌పి బండికీ 50 హెచ్‌పి బండికీ మధ్య నలిగే బదులు, 40 దగ్గర ఆగి, మిగిలిన డబ్బుతో టైర్లూ బ్రేకులూ బాగు చేయించుకోవడం తెలివైన పని.

పత్తి బరువు చిక్కు కాదు, ఎత్తు చిక్కు. టన్ను ఇసుక ట్రాలీ అడుగున సర్దుకుంటుంది. టన్ను పత్తి ట్రాలీ నిండి, పైకి లేచి, పక్కలకు పొంగుతుంది. ట్రాలీ చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుందాం. ఇసుకతో బరువు కేంద్రం నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటే, 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 38 కిలోమీటర్ల దాకా బోల్తా పడదు. పత్తితో ఆ కేంద్రం 1.8 మీటర్లకు లేస్తే అదే మలుపులో 28 దగ్గరే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. ఇది కాగితం మీది లెక్క. రోడ్డు ఒక పక్కకు వాలి ఉన్నా, ఒక టైరులో గాలి తగ్గినా, మోకు సడలి సరుకు పక్కకు జారినా అంతకంటే ముందే పడుతుంది. సరుకును ఇరుసుకు కాస్త ముందువైపుగా సర్దాలి. అంతా వెనక్కి పేరిస్తే ట్రాలీ ముక్కు కొక్కేన్ని పైకెత్తుతుంది, వెనక చక్రాలకు పట్టు పోతుంది, ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ఇదే లెక్క మనుషులకూ వర్తిస్తుంది. శ్రావణమాసంలో ఉరుకుందకు పోయే ట్రాలీల్లో, పత్తి తీయడానికి కూలీలను తీసుకుపోయే ట్రాలీల్లో జనం నిలబడి ఉంటారు. నిలబడ్డ మనిషి బరువు కేంద్రం ట్రాలీ అడుగు నుంచి ఇంకో మీటరు పైన. మలుపులో అందరూ ఒకే పక్కకు ఒరుగుతారు, పత్తి బోరాలు అలా ఒరగవు. మన వాహన నియమాల ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు పొలం పనులకు, వ్యవసాయ సరుకుల ట్రాలీ లాగడానికి ఉద్దేశించింది. ట్రాలీలో మనుషులకు చోటు లేదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇది పెద్ద పేచీ అవుతుంది. ఇంతా తెలిసీ తిరునాళ్ల రోజు ఆటోలు దొరక్క, బస్సులు చాలక జనం ట్రాలీ ఎక్కుతారు. వాళ్లను తిట్టడం తేలిక. ఎక్కించుకున్నవాడు కనీసం అందరినీ కూర్చోబెట్టి, 20 దాటకుండా నడిపితే సగం ప్రమాదం తగ్గుతుంది.

ఇంజిన్ గురించి తక్కువ చెబుతున్నాను, ఎందుకంటే అది అందరూ చూసేదే, బాగు చేయించుకోగలిగేదే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. మనం పోయేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంటే అనుమానించాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. లోడు లేకుండానే నల్లపొగ ఆగకపోతే డీజిలు సరిగా మండడం లేదు. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ బుస్సున తన్నుకొస్తే రింగులు, బోరు అరిగాయి. ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఎత్తులో లాగుతుండగా గేరు తనంతట తాను జారితే ఆ బండిని వదిలేయాలి, గేరుపెట్టె ఖర్చు బోరు ఖర్చులా చెప్పిన మాట మీద నిలవదు.

బండి ఇంతకుముందు ఏ పని చేసిందో అడగడం ఇంకా ముఖ్యం. తుంగభద్ర ఆయకట్టులో, సింధనూరు వైపు, వరి మడుల్లో దమ్ము చేసిన బండికి ఇంజిన్ నిక్షేపంగా ఉండవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఇరుసు దాకా బురదలో నానితే సీళ్లు పోతాయి, బ్రేకుల్లోకి నీరు చేరుతుంది. చక్రం లోపలి వైపు నూనె చెమ్మ కనిపిస్తే అదే. ఇసుక, కంకర తోలిన బండి అయితే క్లచ్, డ్రాబార్, వెనక ఇరుసు అలసిపోయి ఉంటాయి. మెట్టలో గుంటక, గొర్రు తోలుకున్న బండి ఈ రెంటికంటే నయం, అయితే అలాంటిది అమ్మకానికి రావడమే తక్కువ. కంపెనీ చెప్పే హెచ్‌పి, లాగుడు అంకెల మీద నమ్మకం కుదరకపోతే మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర పరీక్షా సంస్థ ఆ మోడలును పరీక్షించి ఇచ్చిన నివేదిక చూడవచ్చు. డ్రాబార్ దగ్గర ఎంత దొరికింది, బ్రేకులు ఎంత దూరంలో ఆపాయి అన్నవి అందులో ఉంటాయి. మనకు దగ్గర్లో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాది వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. నడపడం, మరమ్మతు నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు అది ఆదోని నుంచి దూరమేమీ కాదు.

కాగితాల్లో ట్రాక్టరుది ఒకటి, ట్రాలీది ఒకటి, రెండు ఆర్‌సీలు, రెండు నంబర్లు. ట్రాలీకి ఆర్‌సీ లేకుండా బండితో పాటు "కలిపి ఇచ్చేస్తా" అంటే ధర అందుకు తగ్గట్టు తగ్గాలి, కొత్తగా రిజిస్టరు చేయించడం సులువు కాదు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు గుడ్డతో తుడిచి ఆర్‌సీతో సరిచూసుకోవాలి. అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30, రాయచూరు నుంచో గద్వాల నుంచో వస్తుంటే అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ కోసం ఫారం 28. ఎన్‌ఓసీ చేతికి రాకుండా మొత్తం సొమ్ము ఇచ్చేసి, తర్వాత పాత యజమాని కోసం తిరిగేవాళ్లు ఎమ్మిగనూరు సందుల్లో ఎంతమందైనా దొరుకుతారు.

అన్నీ కుదిరాయనిపించాక అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని మిగులుతుంది. నిండు ట్రాలీ తగిలించి నడిపి చూడాలి. ఎత్తులో ఆపి మళ్లీ కదిలించాలి, క్లచ్ జారుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది. దిగుడులో రెండో గేరులో వదిలి ఇంజిన్ పట్టి ఉంచుతోందో చూడాలి. ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో బ్రేకు తొక్కి, ఆగిన చోటు నుంచి వెనక్కి అడుగులు కొలవాలి. మన లెక్క ప్రకారం 10 మీటర్లు, మహా అయితే 12. అది 18, 20 అయితే బ్రేకు పళ్లేల ఖర్చు బేరంలోంచి తీసేయాలి. ఎడమకో కుడికో లాగితే దాని ఖర్చూ తీసేయాలి. "ట్రాలీ ఇప్పుడు లేదన్నా, ఒట్టి బండి చూడు, ఎంత సాఫుగా ఉందో" అంటే టీ తాగి, ట్రాలీ దొరికిన రోజు వస్తామని చెప్పి లేవడమే.